హెచ్‌ఐవీ సహాయ సేవలు అందుకోవడం ఎలా: ఏఆర్‌టీ నమోదు నుంచి పింఛను, ఫిర్యాదు దాకా

"పాజిటివ్ అని తేలింది, ఇప్పుడెక్కడికి వెళ్లాలి?" "మందులు వాడుతున్నాం, మిగతా సాయం ఎవరినడగాలి?" ఈ రెండు ప్రశ్నలూ పదే పదే వస్తున్నాయి. అడిగినవాళ్లలో చాలామంది చివర్లో ఒక మాట కలుపుతున్నారు: "ఎవరికీ తెలియకూడదు."

అందుకే ప్రతి మెట్టు దగ్గరా ఏం చేయాలో చెప్పడంతో పాటు, అక్కడ మీ సంగతి ఎవరికి తెలుస్తుందో, ఎవరికి తెలియక్కర్లేదో కూడా రాస్తున్నాను. నలుగురికీ తెలిసిపోతుందన్న భయంతోనే చాలామంది మందులకూ, హక్కుగా రావాల్సిన సాయానికీ దూరమైపోతున్నారు. ఎవరికి చెప్పాలన్నది మీ చేతిలోనే పెట్టుకుని ఈ సేవలన్నీ అందుకోవచ్చు.

ఇది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఉంటున్నవారి కోసం. మందుల మార్పు, మోతాదు సంగతి మాత్రం మీ ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందుల చికిత్స) డాక్టరుతోనే తేల్చుకోండి.

## 1. ముందు పరీక్ష ఖాయం చేసుకోండి

ప్రైవేటు ల్యాబ్‌లో ఒక్క పరీక్షలో పాజిటివ్ వచ్చిందని నిర్ధారణకు రాకండి. ప్రభుత్వ ఆసుపత్రిలోని ఐసీటీసీకి (హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్ష కేంద్రం) వెళ్లండి. మొదటి పరీక్షలో పాజిటివ్ సూచన వస్తే అక్కడ వేర్వేరు కిట్లతో మొత్తం మూడు పరీక్షలు చేసి ఖాయం చేస్తారు. ఖర్చేమీ ఉండదు.

పరీక్షకు ముందు, తర్వాత కౌన్సెలర్ మాట్లాడతారు. మీ సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదు. ఫలితం మీకే చెప్పాలి, వెంట వచ్చినవాళ్లకు కాదు. తోడు వచ్చినవాళ్లు బయట ఉండాలనిపిస్తే ఆ మాట ముందే చెప్పేయండి.

ఐసీటీసీ ఎక్కడుందో తెలియకపోతే 1097కు ఫోన్ చేయండి. ఇది జాతీయ టోల్‌ఫ్రీ నంబరు, తెలుగులో మాట్లాడొచ్చు, పేరు చెప్పనవసరం లేదు. "నాకు దగ్గర్లో పరీక్ష కేంద్రం ఎక్కడుంది? ఏఆర్‌టీ సెంటర్ ఎక్కడుంది?" అని రెండు ముక్కల్లో అడిగితే చాలు.

ఒక్క విషయంలో మాత్రం ఆగే వీల్లేదు. సూది గుచ్చుకోవడం, కండోమ్ చినగడం, లైంగిక దాడి లాంటివి జరిగి 72 గంటలు దాటకపోతే, పరీక్ష సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి పీఈపీ (హెచ్‌ఐవీ సోకకుండా ఆపే) మందులు అడగండి. రెండు గంటల్లోపు మొదలుపెడితే మరీ మంచిది. 28 రోజులూ పూర్తిగా వాడాలి.

## 2. ఏఆర్‌టీ సెంటర్‌లో నమోదు

పాజిటివ్ అని ఖాయమైతే ఐసీటీసీ నుంచే రిఫరల్ ఇస్తారు. సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) ఎంతున్నా మందులు మొదలుపెట్టే విధానం మన దేశంలో 2017 నుంచి అమల్లో ఉంది. కాబట్టి "ఇంకా ఆరోగ్యంగానే ఉన్నాను కదా, తర్వాత చూద్దాం" అని వాయిదా వేయకండి.

వెంట తీసుకెళ్లాల్సినవి:

- ఐసీటీసీ రిపోర్టు, రిఫరల్ స్లిప్
- గుర్తింపు కార్డు, చిరునామా చూపే కాగితం, వాటి జిరాక్సులు
- పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు
- ఇప్పటికే వాడుతున్న మందుల చీటీలు (షుగర్, బీపీ, ఫిట్స్, టీబీ ఏదైనా)
- పాత ఎక్స్‌రే, రక్తపరీక్షల కాగితాలు ఉంటే అవీ

మొదటి రోజు పని గంటలో అయిపోతుందని అనుకోవద్దు. కౌన్సెలింగ్, డాక్టరు చూడటం, సీడీ4, కాలేయం, కిడ్నీ పరీక్షలకు రక్తం తీయడం, టీబీ లక్షణాలు అడగడం, ఇవన్నీ ఉంటాయి. పనికి వెళ్లేవారు ఆ రోజుకు సెలవు పెట్టుకోవడం మేలు. దగ్గు, జ్వరం, రాత్రిళ్లు చెమట, బరువు తగ్గడం వీటిలో ఏ ఒక్కటున్నా దాచకండి. టీబీ ఉందో లేదో తేలాకే ఏ మందు ముందు మొదలుపెట్టాలో డాక్టరు నిర్ణయిస్తారు.

మీ చేతికి ఒక పుస్తకం ఇస్తారు. అందరూ గ్రీన్ బుక్ అనే పిలుస్తారు. ఊరు మారినా, మరో సెంటర్‌లో మందులు తీసుకోవాలన్నా అదే ఆధారం. దాని పేజీలన్నీ ఫోన్‌లో ఫొటో తీసి, లాక్ ఉన్న ఫోల్డర్‌లో పెట్టుకోండి.

నమోదు ఫారంలో చాలామంది చూడకుండా సంతకం పెట్టేసే చోటు ఒకటుంది: సిబ్బంది ఇంటికి రావచ్చా, ఫోన్ చేయవచ్చా అన్న సమ్మతి. చదవడం రాకపోతే చదివి వినిపించమనండి. ఇంటికి రావద్దనుకుంటే "ఫోన్ మాత్రమే, ఫలానా వేళల్లో" అని రాయించండి. అంతేగానీ తప్పుడు నంబరు ఇవ్వకండి. నంబరు తప్పయితే, మీరు ఒక నెల రాలేకపోయినప్పుడు మిమ్మల్ని వెతికి పట్టుకునే దారి ఉండదు.

వరండాలో తెలిసినవాళ్లు కనిపిస్తారేమోనన్న బెంగతో దగ్గర్లోని సెంటర్ వదిలేసి దూరపు జిల్లాకు వెళ్లేవాళ్లున్నారు. మొదట్లో బాగానే ఉంటుంది. బస్సు ఖర్చు, పోయిన కూలి కలిసేసరికి ఏడాది తిరక్కుండానే మందు తెగిపోతుంది. దగ్గరి సెంటరే ఎంచుకోండి. రద్దీ తక్కువుండే రోజేదో కౌన్సెలర్‌నే అడిగి ఆ రోజు వెళ్లండి. ఆరోగ్యం కుదుటపడ్డాక మీ ఊరికి దగ్గర్లో మందులిచ్చే చిన్న కేంద్రానికి, అంటే లింక్ ఏఆర్‌టీ సెంటర్‌కు, మార్పించుకోవచ్చు. మందు నిలకడగా వాడేవారికి ఒకేసారి రెండు మూడు నెలల మందులు కూడా ఇస్తారు.

## 3. మందు తెగకుండా చూసుకోవడం

మిగతా సేవలన్నీ దీని మీదే నిలబడతాయి కాబట్టి ఇక్కడ కొంచెం నెమ్మదిగా చదవండి.

పెద్దవాళ్లలో ఎక్కువమందికి ఇచ్చేది టీఎల్‌డీ మాత్ర: టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు కలిపిన ఒకే మాత్ర, రోజుకోసారి. తిన్నాకైనా, తినకముందైనా వేసుకోవచ్చు. నిద్ర పట్టడం లేదనిపిస్తే ఉదయం పూటకు మార్చుకోవచ్చేమో డాక్టరును అడగండి.

గుర్తుంచుకోవాల్సినవి

- గ్యాస్ ట్రబుల్‌కు తాగే యాంటాసిడ్‌లు డోలుటెగ్రావిర్‌ను ఒంటికి పట్టనివ్వవు. టీఎల్‌డీ వేసుకున్న రెండు గంటల తర్వాతే యాంటాసిడ్ తాగాలి. ముందే తాగి ఉంటే టీఎల్‌డీకి ఆరు గంటలు ఆగాలి.
- ఐరన్, కాల్షియం మాత్రలకూ అలాంటి ఎడమే కావాలి, లేదా భోజనంతో కలిపి రెండూ ఒకేసారి వేసుకోవాలి. గర్భిణులు ఇది తప్పకుండా అడిగి తెలుసుకోవాలి.
- టీబీకి రిఫాంపిసిన్ వాడుతుంటే 12 గంటల తర్వాత డోలుటెగ్రావిర్ 50 అదనంగా వేసుకోవాల్సి ఉంటుంది. టీబీ డాక్టరుకూ, ఏఆర్‌టీ డాక్టరుకూ ఇద్దరికీ రెండు మందుల సంగతీ చెప్పండి.
- షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే దాని మోతాదు చూసుకోవాలి. ఫిట్స్ మందులు కొన్నింటితోనూ ఇబ్బంది ఉంది.
- హెపటైటిస్ బి కూడా ఉన్నవారికి ఈ మాత్రే దాన్నీ అదుపులో ఉంచుతుంది. ఉన్నట్టుండి ఆపితే కాలేయం దెబ్బతినవచ్చు.

మాత్ర మరచిపోతే: 12 గంటల్లోపు గుర్తొస్తే వెంటనే వేసుకోండి. అంతకు మించితే ఆ పూట వదిలేసి మామూలు వేళకు వేసుకోండి. రెండు మాత్రలు ఒకేసారి వేసుకోకండి.

డబ్బా ఎవరైనా చూస్తారనుకుంటే: ముప్పై మాత్రల ప్లాస్టిక్ డబ్బా సంచిలో గలగలమంటుంది. ఉమ్మడి కుటుంబంలో, హాస్టల్లో, బస్సులో ఆ చప్పుడే చాలామందిని ఇబ్బంది పెడుతుంది. లోపల కాస్త దూది కుక్కితే చప్పుడు ఆగిపోతుంది. లేబుల్ తీసేయాలనుకుంటే ముందు మందు పేరు, గడువు తేదీ ఫొటో తీసుకోండి. తేమ పీల్చే చిన్న పొట్లం డబ్బాలోనే ఉండాలి. మాత్రలన్నీ విడిగా కాగితంలో చుట్టి పెట్టకండి, చెమ్మకు పాడవుతాయి.

ఊరు వెళ్తుంటే: కొద్ది వారాల పనికైతే అదనంగా మందులివ్వమని ముందే అడగండి. వలస వెళ్లి నెలల తరబడి అక్కడే ఉండేట్టయితే ట్రాన్స్‌ఫర్ రాయించుకోండి. గ్రీన్ బుక్ వెంట ఉండాలి. చెప్పకుండా వెళ్లిపోయి అక్కడ కొత్తగా నమోదు చేయించుకుంటే పాత రికార్డు పోతుంది. మీ ఒంటికి పడని మందేదో కొత్త డాక్టరుకు తెలియదు.

నెలల తరబడి మానేసి ఉంటే: తిడతారేమోనని ఇంట్లో ఆగిపోకండి. మిగిలిన పాత మాత్రలు సొంతంగా మళ్లీ మొదలుపెట్టకండి. నేరుగా సెంటర్‌కు వెళ్లి "ఇన్ని నెలలుగా వాడలేదు" అని చెప్పండి. టీబీ లాంటివి ఉన్నాయేమో చూసి మళ్లీ మొదలుపెడతారు. వెళ్లడానికి భయమైతే ఐదో మెట్టులో చెప్పిన సహాయ కేంద్రం మనిషిని వెంట రమ్మనండి. ఇది వాళ్ల రోజువారీ పనే, మొహమాటపడక్కర్లేదు.

వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో చూసే) పరీక్ష ఆరో నెలలో, పన్నెండో నెలలో, ఆ తర్వాత ఏడాదికోసారి చేస్తారు. మిల్లీలీటరు రక్తంలో వైరస్ కాపీలు వెయ్యి దాటి వస్తే మందు పని చేయడం లేదని వెంటనే అనుకోకూడదు. మాత్రలు ఎక్కడ తప్పుతున్నాయో కౌన్సెలింగ్‌లో చూసి, సుమారు మూడు నెలలకు మళ్లీ పరీక్షిస్తారు. ఆ మధ్యకాలంలో కౌన్సెలర్‌కు అబద్ధం చెబితే, తప్పిన మాత్రల వల్ల వచ్చిన ఫలితానికి మంచి మందునే మార్చాల్సి వస్తుంది.

వైరస్ పరీక్షకు దొరకనంత తక్కువకు చేరి అలాగే నిలబడితే, లైంగిక సంబంధం ద్వారా భాగస్వామికి హెచ్‌ఐవీ సోకదు. ఇది గట్టిగా రుజువైన విషయం. భార్యాభర్తలు ఇద్దరూ కలిసి కౌన్సెలర్ నోట వింటే ఇంట్లో సగం భయం పోతుంది.

## 4. ఎవరికి చెప్పాలో నిర్ణయించుకోవడం

కంగారులో మొదటి వారంలోనే పదిమందికి చెప్పేసి తర్వాత బాధపడేవాళ్లు ఎక్కువ. మాట బయటికి వెళ్లాక వెనక్కి రాదు. ఒకరితో మొదలుపెట్టండి. ఆ ఒకరు మందు వేళకు గుర్తుచేయగలవారు, కష్టమొస్తే ఆసుపత్రికి తోడు రాగలవారు అయితే మంచిది.

చెప్పే ముందు చూసుకోండి:

- ఈ మనిషికి ఎందుకు చెబుతున్నాను? తోడు కోసమా, మనసులో బరువు దించుకోవడానికా?
- ఇంతకుముందు నా మాట దాచగలిగారా?
- చెప్పాక గొడవైతే ఆ రాత్రికి ఎక్కడుంటాను?
- "నీకెలా వచ్చింది?" అని అడిగితే ఏం చెబుతాను? (చెప్పను అనడం కూడా జవాబే.)

జీవిత భాగస్వామి సంగతి వేరు. వాళ్లకు పరీక్ష అవసరం, తెలుసుకునే హక్కూ ఉంది. భాగస్వామికి సోకకుండా జాగ్రత్త తీసుకోవాల్సిన బాధ్యత 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం మీది. ఒంటరిగా చెప్పలేకపోతే కౌన్సెలర్ గదిలో చెప్పండి. కొడతారనో, ఇంట్లోంచి గెంటేస్తారనో భయముంటే ఆ మాట కౌన్సెలర్‌కు ముందే చెప్పాలి. అలాంటి ముప్పు ఉన్నచోట వైద్య సిబ్బంది కూడా భాగస్వామికి చెప్పకూడదని అదే చట్టం చెబుతోంది.

ఆఫీసులో చెప్పాల్సిన అవసరం లేదు. ఇంటి ఓనరుకు అసలే లేదు.

## 5. సహాయ కేంద్రం, పాజిటివ్ నెట్‌వర్క్

ఏఆర్‌టీ సెంటర్లకు అనుబంధంగా సంరక్షణ, సహాయ కేంద్రాలు పనిచేస్తాయి. సీఎస్‌సీ అంటే అందరికీ తెలుస్తుంది. ఆన్‌లైన్ సేవలిచ్చే కామన్ సర్వీస్ సెంటర్లనూ సీఎస్‌సీ అంటారు కాబట్టి ఆటోలోనో, ఫోన్‌లోనో అడిగేటప్పుడు పొరపడకండి. చిరునామా ఏఆర్‌టీ కౌన్సెలర్ దగ్గరే తీసుకోండి.

అక్కడ పనిచేసేవారిలో చాలామంది తామూ హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారే. మాత్ర వేసుకున్న మొదటి వారం ఒళ్లెలా ఉంటుందో, అత్తగారికి ఏం చెప్పాలో వాళ్లు చెప్పినట్టు డాక్టరు చెప్పలేరు. మందులకు రానివారిని పలకరించడం, కుటుంబసభ్యులకు పరీక్షలు చేయించడం, పథకాల దరఖాస్తులు నింపడం, సపోర్ట్ గ్రూప్ సమావేశాలు పెట్టడం వాళ్ల పనులు.

మొదటిసారి సమావేశానికి వెళ్తున్నప్పుడు నిర్వాహకులను ఇవి అడగండి: ఎంతమంది వస్తారు? ఆడవాళ్లకు, యువతకు విడిగా ఉందా? ఫొటోలు తీస్తారా? ఫొటో తీస్తామంటే వద్దనే హక్కు మీకుంది. పేరు చెప్పకుండా కూర్చుని విని వచ్చేయవచ్చు. ఒక గ్రూప్ నచ్చకపోతే మరో గ్రూప్ చూడండి, జిల్లా పాజిటివ్ నెట్‌వర్క్‌లు (హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారి సంఘాలు) వేరుగా ఉంటాయి.

వాట్సాప్ గ్రూప్‌లో చేరమంటే కాస్త ఆలోచించండి. అందులో మీ నంబరు, ఫొటో అందరికీ కనిపిస్తాయి. చేరాలనుకుంటే ప్రొఫైల్ ఫొటో పరిచయస్తులకే కనిపించేలా మార్చుకుని చేరండి.

మూలికలతో హెచ్‌ఐవీ పూర్తిగా పోగొడతామని చెప్పేవాళ్లు ఇలాంటి చోట్లే కాచుకుని ఉంటారు. మందు మాన్పించి డబ్బు గుంజుతారు. అలాంటివాళ్లు కనిపిస్తే సీఎస్‌సీ వాళ్లకు చెప్పండి.

## 6. ఇంట్లోవాళ్ల కోసం

గర్భిణి అయితే: మందులు ఎంత ముందు మొదలుపెడితే బిడ్డకు అంత రక్షణ. ప్రసవం ఆసుపత్రిలోనే జరగాలి. బిడ్డకు పుట్టగానే మందు మొదలుపెడతారు. ఆరు వారాలకు రక్తపు చుక్కల పరీక్ష చేస్తారు, అప్పటి నుంచే ఇతర ఇన్ఫెక్షన్లు రాకుండా కోట్రైమాక్సజోల్ మందు కూడా ఇస్తారు. ఆ పరీక్షలో నెగెటివ్ వచ్చిందని తిరగడం ఆపేయకండి. చివరి నిర్ధారణ 18 నెలలకు. పాలిస్తుంటే మొదటి ఆరు నెలలూ తల్లిపాలు మాత్రమే. తల్లిపాలు కొంత, పోతపాలు కొంత కలిపి పట్టడం అన్నిటికన్నా ప్రమాదం.

పిల్లలకు చెప్పడం: మాత్ర ఎందుకని ఆరేడేళ్ల పిల్లలు అడుగుతారు. "విటమిన్ మాత్ర" అనకండి, తర్వాత మీ మాట నమ్మరు. "నీ ఒంట్లో కాపలా కాసే సైనికులకు బలం ఇచ్చే మందు" అని మొదలుపెట్టి, వయసు పెరిగేకొద్దీ విషయం విప్పుతూ వెళ్లండి. పన్నెండేళ్లు వచ్చేసరికి జబ్బు పేరుతో సహా తెలియాలి. బడి గోడ మీద పోస్టరు చూసో, ఎవరో అనగానో తెలుసుకున్న పిల్లలు చాలాసార్లు మందు మానేస్తారు.

చూసుకునేవాళ్లు: కంచం, గ్లాసు, బాత్రూం విడిగా పెట్టనవసరం లేదు. రక్తం అంటిన గుడ్డలను గ్లవ్స్ వేసుకుని తీయండి, బ్లేడు, రేజరు మాత్రం ఎవరివి వాళ్లవే. రాత్రీ పగలూ కనిపెట్టుకుని ఉండేవాళ్లకూ కౌన్సెలింగ్ దొరుకుతుంది, అడగండి. నిద్ర లేక, ఎవరికీ చెప్పుకోలేక నలిగిపోయేది వాళ్లే.

## 7. పింఛను, ఇతర కాగితాలు

మందులు వాడుతున్నవారికి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 4,000 రూపాయలు, తెలంగాణలో ఆసరా కింద 2,016 రూపాయల పింఛను ఉంది. సచివాలయానికో, మండల కార్యాలయానికో నేరుగా వెళ్లి వరసలో నిలబడి విషయం చెప్పకండి. ఈ వర్గం దరఖాస్తు ఎటు నుంచి వెళ్లాలో ముందు ఏఆర్‌టీ కౌన్సెలర్‌ను, సీఎస్‌సీ వాళ్లను అడగండి. డబ్బు బ్యాంకు ఖాతాలో పడే వీలుందేమో కూడా అప్పుడే అడగండి.

సిద్ధం చేసుకోండి:

- ఆధార్, రేషన్ కార్డు, సొంత పేరు మీద బ్యాంకు ఖాతా
- ఏఆర్‌టీ నమోదు సంఖ్య, గ్రీన్ బుక్
- అన్నిటిలో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో

ఎక్కువ దరఖాస్తులు ఆగేది ఈ చివరి దాని దగ్గరే. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, ఏఆర్‌టీ రికార్డులో వెనక ఉంటే చాలు, తిప్పి పంపేస్తారు. ముందే సరిచేయించండి.

## 8. వివక్ష ఎదురైతే

2017 చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. ఉద్యోగం, చదువు, వైద్యం, అద్దె ఇల్లు, బీమా విషయాల్లో అన్యాయంగా వివక్ష చూపడాన్ని ఇది నిషేధిస్తుంది. హెచ్‌ఐవీ ఉన్నవారితో కలిసి ఉంటున్న కుటుంబసభ్యులకూ ఇదే రక్షణ. భర్త పోయాక అత్తింటివారు ఇంట్లో ఉండనివ్వకపోతే, ఆ ఇంట్లో ఉండే హక్కు ఆడవాళ్లకు, పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు ఉందని ఈ చట్టమే చెబుతోంది.

ఈ వరసలో వెళ్లండి:

1. జరిగింది ఆ రోజే రాసి పెట్టండి: తేదీ, వేళ, ఎవరు, ఏ మాటలతో అన్నారు. "ఆపరేషన్ చేయం" అని నోటితో చెబితే, కారణం కాగితం మీద రాసివ్వమనండి.
2. వంద మంది, అంతకు మించి ఉన్న సంస్థల్లో, ఇరవై మంది ఉన్న వైద్య సంస్థల్లో ఫిర్యాదుల అధికారి ఉండాలి. ముందు వారికి రాసివ్వండి, అందినట్టు సంతకం తీసుకోండి.
3. పని జరగకపోతే, లేదా వైద్యం ఆపేసినట్టయితే, రాష్ట్ర అంబుడ్స్‌మన్‌కు (ఈ చట్టం కింద ఫిర్యాదులు విచారించే అధికారికి) ఫిర్యాదు చేయండి. చట్టం ప్రకారం 30 రోజుల్లో ఉత్తర్వు రావాలి, వైద్యపరంగా అత్యవసరమైతే వీలైనంత త్వరగా, వీలుంటే 24 గంటల్లోనే. ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలో జిల్లా ఎయిడ్స్ నియంత్రణ విభాగం చెబుతుంది.
4. కోర్టుకు వెళ్లాల్సి వస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, ఫోన్ 15100. ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును పెడతారు.

కేసును మారుపేరుతో నడిపించమని కోర్టును అడగవచ్చు. ఆ దరఖాస్తు కేసుతో పాటే వేయమని లాయరుకు మొదటి రోజే చెప్పండి. ఆలస్యమైతే అసలు పేరు అప్పటికే నోటీసుల్లోకి ఎక్కిపోతుంది.